ఏడేళ్ల పాపను మెల్‌బోర్న్ కప్‌కు తీసుకెళ్లవచ్చా?

మీరు మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉంటారని, ఏడేళ్ల మీ పాపకు గుర్రాలంటే ప్రాణమని, నవంబరు మొదటి మంగళవారం ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సులో జరిగే మెల్‌బోర్న్ కప్ గుర్రపు పందేనికి తీసుకెళ్లమని రెండు నెలలుగా పట్టుబడుతోందని రాశారు. భీమవరం నుంచి వచ్చి ఉన్న మీ అత్తగారు మాత్రం "పసిదాన్ని పందేలకు తీసుకెళ్తారా" అని అభ్యంతరం చెబుతున్నారని, ఇంత జనంలో క్షేమమేనా, డబ్బు కాయడం, తాగడం, గుర్రాలు పడిపోవడం వంటివి పిల్ల కంట పడితే ఏం చెప్పాలి అన్నవి మీ సందేహాలని అర్థమైంది. నేను ఈ ఊరికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అందులో పదకొండు వసంతాలు రేస్‌కోర్సుల్లో తాత్కాలిక ఉద్యోగిగా, మొదట గేటు దగ్గర టిక్కెట్లు చూస్తూ, తర్వాత తప్పిపోయిన పిల్లలను కూర్చోబెట్టే గది దగ్గర పనిచేశాను. నా ఇద్దరు కూతుళ్లనూ వేర్వేరు వయసుల్లో తీసుకెళ్లాను. పెద్దదాని విషయంలో తప్పు చేశాను, చిన్నదాని విషయంలో దిద్దుకున్నాను. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

పాపను రేసులకు నిస్సంకోచంగా తీసుకెళ్లండి, కానీ ఆ మంగళవారం తీసుకెళ్లకండి. ఫ్లెమింగ్టన్‌లో ఆ వారం జరిగేది ఒక్క రోజు వేడుక కాదు, నాలుగు రోజుల ఉత్సవం. మొదటి శనివారం డర్బీ, మంగళవారం కప్, గురువారం ఓక్స్, చివరి శనివారం ఇప్పుడు ఛాంపియన్స్ డే అని పిలిచే రోజు. ఈ చివరి శనివారం చాలా ఏళ్లుగా కుటుంబాల రోజుగా పేరుపడింది. కప్ రోజున ఊరంతా సెలవు కాబట్టి, ఏడాదికొక్కసారి మాత్రమే గుర్రాన్ని చూసే వాళ్లు, అసలు గుర్రాన్ని చూడకుండానే తిరిగి వెళ్లే వాళ్లు కూడా ఆ మైదానానికే వస్తారు. 2003 కప్ రోజున వచ్చిన వారి సంఖ్య 1,22,736. ఆ తర్వాత జనం కొంత తగ్గినా, ఇప్పటికీ మూడడుగుల పైచిలుకు పిల్ల కళ్లతో చూస్తే అది నడుములూ చేతిసంచులూ బీరు గ్లాసులూ తప్ప మరేమీ కనిపించని అడవి.

నా పెద్దమ్మాయికి ఆరేళ్లప్పుడు సరిగ్గా ఆ అడవిలోకే తీసుకెళ్లాను. అప్పటికి నాలుగేళ్లు అక్కడ పనిచేసిన వాణ్ని కాబట్టి నాకన్నీ తెలుసన్న ధీమా ఉండేది. పొద్దున్న పదకొండుకే వెళ్లి కంచె దగ్గర చోటు పట్టుకున్నాము. మధ్యాహ్నం ఒకటిన్నరకు పిల్ల మరుగుదొడ్డికి వెళ్లాలంది, వరుసలో నిలబడి తిరిగి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది, మా చోటు పోయింది. మూడు గంటలకు కప్ మొదలైనప్పుడు మా ముందు ఆరు వరుసల జనం ఉన్నారు. భుజాన ఎక్కించుకుంటే వెనుకవాళ్లు కేకలు వేశారు, దించేశాను. నేల అదిరింది, చుట్టూ అందరూ ఒక్కసారిగా అరిచారు, మూడున్నర నిమిషాలలోపే అంతా అయిపోయింది. జనం కాస్త సద్దుమణిగాక అది నా చొక్కా పట్టి లాగి "నాన్నా, గుర్రాలు ఎప్పుడొస్తాయి?" అని అడిగింది. దాని ఎదురుగా కనిపించినదంతా ఎవరో ఒకావిడ చీలమండలు, ఎత్తు మడమల చెప్పులు, గడ్డిలో దిగబడిపోయిన వాటి మొనలు. ఆ రోజు ఇంటికి వచ్చాక గుర్రం బొమ్మ గీయమంటే చెప్పుల బొమ్మ గీసింది.

చిన్నమ్మాయిని ఏడేళ్లప్పుడు చివరి శనివారం తీసుకెళ్లాను. మైదానం అదే, గులాబీలు అవే, గుర్రాలపై స్వారీ చేసే జాకీలు చాలామంది వాళ్లే, రేసులు కూడా తక్కువ రకమైనవి కావు. రెండు వేల మీటర్ల ఛాంపియన్స్ స్టేక్స్, పదహారు వందల మీటర్ల ఛాంపియన్స్ మైల్, పన్నెండు వందల మీటర్ల ఛాంపియన్స్ స్ప్రింట్ అన్న మూడూ అత్యున్నత శ్రేణి రేసులే. పైగా ఆ పన్నెండు వందల మీటర్ల స్ప్రింట్ పిల్లలకు చూపించడానికి నా దృష్టిలో కప్ కంటే మేలైనది. అది మలుపు ఒక్కటీ లేని తిన్నని దారిలో జరుగుతుంది, దూరంగా చుక్కల్లా మొదలైన గుర్రాలు మన వైపుకే పెరుగుతూ పెరుగుతూ వస్తాయి, ఒక నిమిషం పది సెకన్లలో ముగిసిపోతుంది. ఏడేళ్ల పిల్ల ఓపికకు అది సరిగ్గా సరిపోతుంది. కూర్చోవడానికి గడ్డి దొరుకుతుంది, మరుగుదొడ్డికి వెళ్లి వస్తే చోటు మిగిలి ఉంటుంది.

అయినా పాప "కప్" అనే పట్టుబట్టిందని, బడిలో స్నేహితులతో కప్ చూశానని చెప్పుకోవాలన్నది దాని ఆశ అని మీ ప్రశ్నలోనే ఉంది. పిల్లల విషయంలో ఆ మాట తీసిపారేసేది కాదు. మంగళవారమే వెళ్లక తప్పని పరిస్థితి అయితే కూర్చునే సీటు ఉన్న టిక్కెట్టు కొనండి. ఖర్చు ఎక్కువవుతుంది, అయినా దాని బదులు ఇంకేదైనా తగ్గించుకోండి. సీటు లేని సాధారణ ప్రవేశంతో కప్ రోజున పిల్లను తీసుకెళ్లవద్దని నేను స్నేహితులకు ఎప్పుడూ చెబుతాను. టిక్కెట్టు షరతుల్లో పిల్లలకు ఏ ఆవరణలో ప్రవేశం ఉందో, బయటి నుంచి ఏ తిండి తెచ్చుకోవచ్చో ముందే చదవండి, అవి ఆవరణను బట్టి మారుతుంటాయి.

కారు మాట మరచిపోండి. టార్నీట్ నుంచి రైల్లో సదరన్ క్రాస్ స్టేషన్‌కు వెళ్లి, అక్కడ రేస్‌కోర్సుకు నడిపే ప్రత్యేక రైలు ఎక్కితే మైదానం పక్కనే ఉన్న ప్లాట్‌ఫారంపై దిగుతారు. ఉదయం పదిన్నరకల్లా లోపల ఉండేలా చూసుకోండి. కప్‌తో కలిపి ఆ రోజు మొత్తం పది దాకా రేసులు ఉంటాయి, మొదటి రెండు మూడింటిని జనం పెద్దగా పట్టించుకోరు. పిల్లకు అసలైన పండుగ ఆ రెండు మూడు రేసులే, కప్ కాదు. కప్ అయ్యాక బహుమతి ప్రదానం చూసి నాలుగు లోపు బయటపడండి. చివరి రేసు దాకా ఉంటే లక్షకు దగ్గరగా ఉన్న జనంలో సగం మంది తూలుతూ మీతోపాటే రైలెక్కుతారు. నేను గది దగ్గర పనిచేసిన రోజుల్లో పిల్లలు భయపడి ఏడ్చిన సందర్భాలు ఎక్కువగా సాయంత్రం నాలుగున్నర తర్వాతే చూశాను. అవి తప్పిపోయినందుకు వచ్చిన ఏడుపులు కూడా కావు, తమ చుట్టూ ఉన్న పెద్దవాళ్లు పొద్దుటి పెద్దవాళ్లలా లేకపోవడం చూసి వచ్చిన ఏడుపులు.

పాపకు ముందు రోజే ఒక కాగితంపై మైదానం బొమ్మ గీసి చూపించండి. కప్ దూరం 3,200 మీటర్లు, ట్రాక్ ఒక చుట్టు 2,312 మీటర్లు. అంటే గుర్రాలు తిన్నని దారిలో దూరంగా ఎక్కడో బయలుదేరి, దాదాపు 890 మీటర్లు పరుగెత్తి మన ముందు నుంచి ఒకసారి దూసుకుపోతాయి, ఆ తర్వాత పూర్తి చుట్టు తిరిగి గెలుపు గీత దగ్గరికి మళ్లీ వస్తాయి. ఈ సంగతి తెలియని పిల్లలు మొదటిసారి గుర్రాలు దాటిపోగానే అయిపోయిందనుకుని నీరసపడిపోతారు. తెలిసిన పిల్ల "ఇంకోసారి వస్తాయి, ఇంకోసారి వస్తాయి" అని పక్కనున్న పెద్దవాళ్లకు కూడా చెబుతుంది. నా చిన్నది అలా ఒక ముసలాయనకు పాఠం చెప్పింది. ఆయన అరవై ఏళ్లుగా రేసులు చూస్తున్నట్టు తర్వాత తెలిసింది, అయినా ఆసాంతం బుద్ధిగా విన్నాడు.

ఇక మీరు గుర్తుపెట్టుకోవలసిన స్థలం ట్రాక్ కంచె కాదు, మౌంటింగ్ యార్డ్. ప్రతి రేసుకూ ముందు గుర్రాలను తిప్పి, జాకీలను ఎక్కించే గుండ్రటి గడ్డి ఆవరణ అది. రేసు మొదలవడానికి ఇరవై ఐదు నిమిషాల ముందే వెళ్లి దాని కంచె దగ్గర నిలబడండి, కప్‌కు మాత్రం గంట ముందు వెళ్లినా చోటు దొరకదు, అందుకే మొదటి రేసులప్పుడే ఇది చూపించాలి. సుమారు ఐదు వందల కిలోల జంతువు రెండు గజాల దూరంలో నడిచి వెళ్తుంటే మెడ మీద నరాలు తాళ్లలా తేలి కనిపిస్తాయి, తొడల మధ్య చెమట సబ్బు నురగలా తెల్లగా పేరుకుని ఉంటుంది, ముక్కుపుటాలు విచ్చుకుని లోపలి గులాబీ రంగు కనిపిస్తుంది. పగ్గం పట్టుకుని నడిపించే మనిషి, ఇక్కడ స్ట్రాపర్ అంటారు, గుర్రం చెవిలో ఏదో గొణుగుతూ నడుస్తుంటాడు. నా చిన్నమ్మాయి ఆ గొణుగుడు వినడానికే మూడు రేసుల పాటు అక్కడి నుంచి కదలలేదు. ఒక నల్ల గుర్రాన్ని నడిపిస్తున్న అమ్మాయి దాని మెడ నిమురుతూ మెల్లగా పాట పాడుతోంది. ఆ గుర్రం ఎన్నో స్థానంలో వచ్చిందో మాకెవరికీ గుర్తులేదు, ఆ పాట మాత్రం మా ఇంట్లో నెలరోజులు వినిపించింది.

అక్కడ నిలబడి చెప్పడానికి బోలెడు కబుర్లు ఉన్నాయి. కప్ హ్యాండీక్యాప్ రేసు కాబట్టి మెరుగైన గుర్రానికి ఎక్కువ బరువు మోయిస్తారు. జీను కింది గుడ్డ మీద 1 అని ఉన్న గుర్రం అన్నిటికంటే ఎక్కువ బరువు మోస్తుంది, అంకె పెరిగేకొద్దీ బరువు తగ్గుతూ వస్తుంది, కనీస బరువు 50 కిలోలు. మంచి విద్యార్థికి సంచీలో రెండు పుస్తకాలు ఎక్కువ పెట్టి పరుగెత్తమన్నట్టు అని చెబితే ఏడేళ్ల పిల్లకు ఇట్టే అర్థమవుతుంది, అన్యాయమని వాదిస్తుంది కూడా, ఆ వాదన వినదగ్గదే. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో పుట్టిన పందెపు గుర్రాలన్నిటికీ, అవి ఏ రోజున పుట్టినా సరే, పుట్టినరోజు ఆగస్టు 1నే లెక్కవేస్తారన్నది పిల్లలకు అన్నిటికంటే నచ్చే సంగతి. ఎర్ర కోటు వేసుకుని బూడిదరంగు గుర్రం మీద తిరిగే వాళ్లను క్లర్క్ ఆఫ్ ది కోర్స్ అంటారు, పేరు గుమాస్తాలా ఉన్నా వాళ్ల పని బెదిరి పారిపోయిన గుర్రాన్ని వెంటాడి పట్టుకోవడం.

గుర్రాల దగ్గర పాటించవలసిన జాగ్రత్తలు మాత్రం నవ్వుతూ చెప్పేవి కావు. కంచె మీద నుంచి చేయి చాపకూడదు, ఒక్కసారిగా గొడుగు తెరవకూడదు, బెలూన్లు, జెండాలు ఊపకూడదు. ఇది ఊరికే పెద్దవాళ్ల చాదస్తం కాదు. 2014 కప్ ముగిసి గుర్రాలు వెనక్కి వెళ్తుండగా ప్రేక్షకుల్లో ఎవరో ఊపిన జెండాకు బెదిరి అరాల్డో అనే గుర్రం కంచెను తన్నింది, కాలు విరిగింది, ఇక దాన్ని బతికించలేకపోయారు. మీ పాపకు గుర్రాలంటే నిజంగా ప్రాణం అయితే ఈ ఒక్క కథ చెప్పండి, ఆ రోజంతా చేతులు కట్టుకుని నిలబడుతుంది.

మీ అత్తగారి అభ్యంతరానికి వద్దాం. అది కొట్టిపారేయదగ్గది కాదని నా అభిప్రాయం. చిక్కు కొంత మన భాషలోనే ఉంది. పరుగు పోటీనీ పందెం అంటాము, దాని మీద కాసే డబ్బునూ పందెం అంటాము. పొట్టేళ్లయినా, కోళ్లయినా, గుర్రాలయినా పందెం అనగానే ఆవిడకు బరి దగ్గర చేతులు మారే నోట్లు, ఎకరాలు కరిగిపోయిన ఎవరో బంధువు గుర్తుకురావడం సహజం. గుర్రాలపై డబ్బు కాయడం ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని 1996లో మన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పిన మాట నిజమే, కానీ అత్తగారి కోర్టులో ఆ తీర్పు చెల్లదు, చెల్లాలని నేను వాదించను కూడా. హైదరాబాదులో మలక్‌పేట రేసుల రోజున ఆ రోడ్డు మీద చేతిలో రేసు పుస్తకం నలుపుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా తలవంచుకుని నడిచి వెళ్లే మనుషులను చిన్నప్పుడు చూసినవాణ్ని నేను. ఆవిడకు మీరు చెప్పగలిగిన పోలిక ఎడ్ల బండలాగుడు. పల్నాటి తిరునాళ్లలో ఒంగోలు గిత్తలు బండ లాగుతుంటే పిల్లలను భుజాన ఎక్కించుకుని చూపిస్తాము, ఆ చూపించడంలో మనకు కనిపించేది ఎద్దు సత్తువ, డబ్బు కాదు. పాపను తీసుకెళ్లేది కూడా ఆ పందేనికే అని, రెండో పందెం జోలికి వెళ్లమని మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

నిలబెట్టుకోవడం అంటే ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు జారేది ఇక్కడే. పద్దెనిమిదేళ్లు నిండనివారు పందెం కాయడం ఇక్కడ చట్టవిరుద్ధం. అయితే చట్టం పట్టుకోని పని ఒకటి ఉంటుంది. "నీకు ఏ గుర్రం నచ్చిందమ్మా" అని అడిగి, పిల్ల వేలు చూపించిన గుర్రం మీద సరదాకు ఐదు డాలర్లు పెట్టడం. పెట్టకండి. ఆ గుర్రం ఓడితే ఫర్వాలేదు, గెలిస్తేనే ప్రమాదం. నా స్నేహితుడి కొడుకు ఎనిమిదేళ్ల వయసులో చూపించిన గుర్రం గెలిచి తండ్రికి నూట డెబ్బై డాలర్లు వచ్చాయి. ఆ పిల్లవాడు ఏడాది పాటు ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ కథే చెప్పాడు, అందులో గుర్రం పేరు ఉండేది కాదు, నూట డెబ్బై మాత్రం ఉండేది. మీకూ మీవారికీ కాయాలని ఉంటే ఇంకో రోజు వెళ్లండి. పాపతో ఆడుకోవాలంటే డబ్బు లేని ఆట పెట్టుకోండి. ఏ గుర్రం నుదుటి మీద చుక్క ఉంది, ఏ గుర్రానికి నాలుగు కాళ్లూ తెల్లగా ఉన్నాయి, ఏ జాకీ చొక్కాలో ఊదా రంగు ఉంది అని వెతికించి కాగితం మీద రాయించండి. బడుల్లోనూ ఆఫీసుల్లోనూ గుర్రాల పేర్లు చీటీలు వేసి తీసే స్వీప్ అనే అలవాటు కూడా ఉంది. బడిలో అది బొమ్మల బహుమతితో ముగిస్తే పట్టించుకోనక్కర్లేదు, డబ్బుతో అయితే ఉపాధ్యాయురాలితో మర్యాదగా ఒక మాట చెప్పడంలో తప్పులేదు.

గుర్రం పడిపోతే ఏం చెప్పాలన్నది మీ ప్రశ్నల్లో అన్నిటికంటే కష్టమైనది. అలా జరగదని మాత్రం ముందుగా పిల్లకు చెప్పవద్దు, ఎందుకంటే జరుగుతుంది. 2013లో వెరెమా అనే గుర్రం రేసు మధ్యలోనే కాలు విరిగింది. 2014లో గెలుస్తుందని అందరూ అనుకున్న అడ్మైర్ రక్తి చివరి స్థానంలో వచ్చి, శాలకు చేరాక కుప్పకూలి చనిపోయింది. 2018లో ద క్లిఫ్స్ ఆఫ్ మోహర్, 2020లో ఆంథొనీ వాన్ డైక్ కప్‌లో తగిలిన గాయాలతోనే పోయాయి. ఆ తర్వాత 2021 నుంచి నిబంధనలు కఠినం చేశారు, కాళ్లకు సీటీ స్కాన్లు తీసి, పశువైద్యులు ఒప్పుకుంటేనే పరుగెత్తనిస్తున్నారు, విదేశాల నుంచి వచ్చే గుర్రాల సంఖ్య కూడా బాగా తగ్గింది. నిబంధనల వల్ల ప్రమాదం తగ్గింది, పోలేదు. ఈ కారణంగానే కప్‌ను బహిష్కరించే ఆస్ట్రేలియన్లు చాలామంది ఉన్నారు, గేటు బయట ప్లకార్డులతో వాళ్లు కనిపించవచ్చు, పాప చదవడం నేర్చుకుంది కాబట్టి ఆ ప్లకార్డులూ చదువుతుంది. వాళ్లను పిచ్చివాళ్లని తోసిపుచ్చకండి. వాళ్లకూ గుర్రాలంటే ఇష్టమేనని, ఇష్టం ఉన్నవాళ్లే రెండు రకాలుగా ఆలోచిస్తున్నారని చెప్పండి.

మైదానంలో గుర్రానికి దెబ్బ తగిలితే చుట్టూ పచ్చటి తెరలు పట్టుకుని నిలబడతారు. ఆ తెరలు లేస్తున్నట్టు కనిపించిన క్షణం నుంచి మీరు చేయవలసినది పాపను వెనక్కి తిప్పి మౌంటింగ్ యార్డ్ వైపు నడిపించడం. అడిగితే "ఆ గుర్రానికి దెబ్బ తగిలింది, డాక్టర్లు చూస్తున్నారు" అని చెప్పండి, అది నిజం. సాయంత్రం ఇంట్లో మళ్లీ అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "నిద్రపోయింది", "పల్లెకు పంపేశారు" వంటి మాటలు వద్దు. మా పెద్దమ్మాయికి అలాంటి మాట ఒకటి చెప్పి, రెండేళ్ల తర్వాత అది బడి లైబ్రరీలో ఆ గుర్రం గురించి చదివి వచ్చి అడిగిన రోజున నేను తలెత్తలేకపోయాను. కొరడా గురించి కూడా అడుగుతుంది. ఇక్కడి కొరడాలు మెత్తటి పొర చుట్టినవి, చివరి వంద మీటర్లకు ముందు ఐదుసార్లకు మించి వాడకూడదన్న నియమం ఉంది. ఈ నియమం చెప్పాక కూడా పాప "అయినా ఎందుకు కొట్టాలి" అంటే నా దగ్గర జవాబు లేదు, మీరూ ఉందని నటించకండి.

తప్పిపోవడం గురించి రెండు మాటలు చాలు. మీ ఫోను నంబరు రాసిన పట్టీ పాప మణికట్టుకు కట్టండి, అంకెలు చొక్కా లోపలి వైపు కూడా రాయండి. ఉదయం లోపలికి రాగానే ఆ రోజు పాప వేసుకున్న బట్టలతో ఒక ఫోటో తీసుకోండి. మా గదికి పరుగెత్తుకొచ్చిన తల్లుల్లో చాలామందికి కంగారులో పిల్ల గౌను రంగు గుర్తొచ్చేది కాదు. తప్పిపోతే "నన్ను వెతుక్కుంటూ రావద్దు, ఉన్నచోటే నిలబడి, బ్యాడ్జి పెట్టుకున్న వాళ్లను పిలువు" అని నేర్పించండి. జనంలో అమ్మను వెతుక్కుంటూ వెళ్లే పిల్ల దొరకడానికి గంట పడుతుంది, నిలబడిన పిల్ల పది నిమిషాల్లో దొరుకుతుంది.

వాతావరణం మాట మీకు కొత్త కాదు. 2018 కప్ రోజు పొద్దున్న కుండపోత వాన పడి స్టేషన్లలోకి నీళ్లొచ్చాయి, మధ్యాహ్నానికి ఎండ కాసింది. తడిసినా ఫర్వాలేని బూట్లు, మడిచి పెట్టుకోగలిగిన వానకోటు, వెడల్పాటి అంచున్న టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఫ్రాకుకు తగ్గ చెప్పులన్న ఆలోచన మానుకోండి. అందరూ సోకుగా వస్తారని పాపకు చెబితే అదీ ముస్తాబవుతానంటుంది, కాబట్టి తలలో ఒక పువ్వు పెట్టండి. ప్రతి రోజుకూ ఒక సంప్రదాయ పువ్వు ఉంది. కప్‌కు పసుపు గులాబీ, చివరి శనివారానికి ఎర్ర గులాబీ. మైదానం లోపల వేల గులాబీ మొక్కలు ఆ వారానికే విచ్చుకునేలా కత్తిరించి పెంచుతారు, రేసులు విసుగనిపించినప్పుడు వాటి మధ్య నడిపించినా అరగంట గడుస్తుంది. పులిహోర, పెరుగన్నం డబ్బా తీసుకెళ్లడానికి షరతులు ఒప్పుకుంటే తీసుకెళ్లండి, లోపల పిల్లలు తినేవి చిప్స్ తప్ప పెద్దగా దొరకవు, ధరలు చూస్తే మీ ఆకలి కూడా చచ్చిపోతుంది.

వెళ్లడానికి ఒకటి రెండు వారాల ముందు పాపను మెల్‌బోర్న్ మ్యూజియంకు తీసుకెళ్లండి. 1930లో కప్ గెలిచిన ఫార్ ల్యాప్ అక్కడ గాజు పెట్టెలో, నిజంగా నిలబడి ఉన్నట్టే ఉంటుంది, నిజానికి అది చర్మం మాత్రమే. ఎముకల గూడు న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో, గుండె కాన్‌బెర్రాలో ఉన్నాయి. ఆ గుండె బరువు 6.2 కిలోలు. మూడు ఊళ్లలో ఉన్న ఒకే గుర్రం గురించి విన్న పిల్ల ఫ్లెమింగ్టన్‌లో అడుగుపెట్టేసరికి కొత్త చోటికి వచ్చినట్టు ఉండదు. ఆడపిల్ల కాబట్టి మిషెల్ పెయిన్ కథ తప్పక చెప్పండి. 2015లో ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ అనే, ఎవరూ నమ్మని గుర్రం మీద కప్ గెలిచిన మొదటి మహిళా జాకీ ఆవిడ. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆవిడ అన్న స్టీవీయే ఆ గుర్రానికి స్ట్రాపర్, ఏ గేటు నుంచి బయలుదేరాలో చీటీ తీసినదీ అతనే, వచ్చింది ఒకటో నంబరు గేటు. 2025లో హాఫ్ యువర్స్ మీద జేమీ మెల్హమ్ గెలిచి ఆ వరుసలో రెండోదయింది.

ఇంకో మాట, ఇది ముందే రాయవలసింది. పాప ఇప్పటివరకు ఏ రేసూ చూడలేదు కదా. మీరు ఉండేచోటికి దగ్గరలోనే వెర్రిబీలో చిన్న రేస్‌కోర్సు ఉంది, విదేశాల నుంచి వచ్చే గుర్రాలను క్వారంటైన్‌లో ఉంచేది కూడా ఆ ప్రాంగణంలోనే. ఏదో ఒక మామూలు రోజున, పెద్ద పేరున్న రేసేదీ లేని రోజున అక్కడికి వెళ్లి రెండు గంటలు గడపండి. జనం పలచగా ఉంటారు, యార్డ్ కంచె దగ్గర తోపులాట ఉండదు, గుర్రం మీకు మూడడుగుల దూరంలో నడుస్తుంది. అక్కడ గిట్టల చప్పుడుకు పాప చెవులు మూసుకుంటుందో, కంచె మీదికి వాలుతుందో చూడండి. చెవులు మూసుకుంటే ఈ ఏడు ఫ్లెమింగ్టన్ ఆలోచన మానేసి ఇంట్లో టీవీలో కప్ చూపించండి. కంచె మీదికి వాలితే ఆ చివరి శనివారానికి టిక్కెట్లు కొనండి, మీ అత్తగారికి కూడా కలిపి. ఆవిడను గులాబీల దగ్గర బల్ల మీద కూర్చోబెడితే మళ్లీ వెనక్కి రమ్మన్నా రారు, మా అమ్మ విషయంలో అదే జరిగింది.